గద్వాల చీరకు జర్మనీ లోగోనా? ఆలంపూర్ గట్టు మీద ఒక గొడవ

వెనకాల నీళ్ల శబ్దం, మధ్యలో గుడి గంట వినిపిస్తే ఏమనుకోకండి. ఆలంపూర్‌లో తుంగభద్ర గట్టు మీద కూర్చుని రికార్డ్ చేస్తున్నా. మైక్‌కి గాలి తగలకుండా కండువా చుట్టాను, అయినా కొంచెం గరగర ఉంటుంది.

ఈ ఎపిసోడ్ నేను ప్లాన్ చేసింది కాదు. పోయిన నెల మా పిన్ని కూతురు వాట్సాప్‌లో ఒక బొమ్మ పంపింది. పసుపు త్రికోణం, ఎర్ర చతురస్రం, నీలం వృత్తం, మూడూ పక్కపక్కన. కింద ఒక పేరు, అన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాలే. "అన్నా, ఇది నా బ్రాండ్ లోగో. ఎట్లుంది?" అని.

తను హైదరాబాద్‌లో ఫ్యాషన్ కోర్స్ చేసింది. ఇప్పుడు గద్వాల నేతతో దుపట్టాలు, షర్ట్‌లు, చిన్న జాకెట్లు చేసి ఆన్‌లైన్‌లో అమ్మాలని చూస్తోంది. బట్ట ఎవరు నేస్తారు? వాళ్ల అమ్మ, అంటే మా పిన్నే. ఊరు రాజోలి. తుంగభద్ర పక్కనే ఉన్న నేతకారుల ఊరు, మా జోగులాంబ గద్వాల జిల్లాలోనే. బ్రాండ్ పేరు ఇంకా రిజిస్టర్ కాలేదు కాబట్టి చెప్పను. మళ్లీ ఎవరన్నా కొట్టేస్తే నన్ను తిడుతుంది.

నేను రిప్లై ఇచ్చాను: "బాగుంది చెల్లె. కానీ ఇది నూరేళ్ల కిందటి జర్మనీ బడి యూనిఫాం కదా?"

అంతే. రెండ్రోజులు మాట్లాడలేదు. ఆ గొడవ నుంచి పుట్టిందే ఈ ఎపిసోడ్.

ముందు ఆ బడి గురించి చెప్తా. దాని పేరు బౌహౌస్. 1919లో వాల్టర్ గ్రోపియస్ అనే ఆర్కిటెక్ట్ వైమార్ అనే ఊర్లో మొదలుపెట్టాడు. 1925లో డెసావ్‌కి మారింది, ఆఖర్న బెర్లిన్‌లో 1933లో నాజీల ఒత్తిడికి మూతపడింది. పద్నాలుగేళ్లు. మీ చేతిలో ఉన్న ఫోన్‌లో ఐకాన్లు అంత శుభ్రంగా, అనవసరమైన గీత లేకుండా ఉన్నాయంటే ఆ పద్నాలుగేళ్ల ప్రభావం దాంట్లో కొంత ఉంది. చిత్రకారుడు, వడ్రంగి, నేతకారుడు వేర్వేరు కులాల్లాగా బతకొద్దు, అందరూ ఒకే వర్క్‌షాప్‌లో పని నేర్చుకోవాలి అన్నది వాళ్ల మొదటి మాట.

మా చెల్లె లోగోలో ఉన్న మూడు ఆకారాలు అక్కడివే. కాండిన్‌స్కీ అనే చిత్రకారుడు అక్కడ పంతులు. 1923లో ఆయన ఒక ప్రశ్నాపత్రం పంచాడు. మూడు ఆకారాలు, మూడు రంగులు ఇచ్చి, దేనికి ఏ రంగు నప్పుతుందో నింపమన్నాడు. త్రికోణం పసుపు, చతురస్రం ఎరుపు, వృత్తం నీలం అన్నది ఆయన సిద్ధాంతం. ఇవాళ బౌహౌస్ పోస్టర్ అనగానే కనిపించే బొమ్మ అట్లా స్థిరపడింది. ఇక ఆ చిన్న అక్షరాల సంగతి: హెర్బర్ట్ బేయర్ అనే ఆయన 1925 ప్రాంతంలో పెద్ద అక్షరాలు పూర్తిగా తీసేయాలన్నాడు. ఒకే శబ్దానికి రెండు గుర్తులు ఎందుకు అని. అది ఐరోపాలో పెద్ద విప్లవం. మన తెలుగులో పెద్ద బడి, చిన్న బడి అనేదే లేదు కాబట్టి మనం పుట్టుకతోనే ఈ విషయంలో మోడరన్, సరదాకి అంటున్నా.

కానీ బౌహౌస్ గురించి రీల్స్‌లో చెప్పని ముక్క ఒకటుంది. ఆడపిల్లలకు మగవాళ్లతో సమానంగా ప్రవేశం అని ప్రకటించారు. ఆడపిల్లలు ఎక్కువమంది వచ్చేసరికి కంగారుపడి, చాలామందిని నేత వర్క్‌షాప్‌కి పంపారు. ఆన్నీ ఆల్బర్స్ గాజు పని నేర్చుకుందామని వస్తే మగ్గం దగ్గర కూర్చోబెట్టారు. ఆమె తర్వాత ఇరవయ్యో శతాబ్దపు గొప్ప నేత కళాకారిణి అయింది, అది వేరే సంగతి. ఆ నేత విభాగాన్ని 1927 నుంచి 1931 దాకా నడిపింది గుంటా ష్టోల్జ్ల్. బడికి నిజంగా డబ్బు తెచ్చిన విభాగాల్లో అది ఒకటి. పేరు మాత్రం భవనాలు కట్టిన మగవాళ్లకు వచ్చింది.

దీన్ని ఒక్క నిమిషం గుర్తుంచుకోండి, మా పిన్ని దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

ఇంకో ముక్క. బౌహౌస్ మన దేశానికి కొత్తది కాదు. 1922 డిసెంబర్‌లో కలకత్తాలో ఇండియన్ సొసైటీ ఆఫ్ ఓరియంటల్ ఆర్ట్ ప్రదర్శనలో కాండిన్‌స్కీ, క్లే, ఫైనింగర్, ఇట్టెన్ వాళ్ల బొమ్మలు వేలాడదీశారు. పక్కనే అవనీంద్రనాథ్, గగనేంద్రనాథ్ ఠాగూర్‌ల చిత్రాలు. దీని వెనకాల స్టెల్లా క్రామ్రిష్ ఉంది. ఆస్ట్రియా నుంచి వచ్చి శాంతినికేతన్‌లో పాఠాలు చెప్పిన మనిషి. తర్వాతి కాలంలో హిందూ దేవాలయం మీద రెండు భాగాల పెద్ద పుస్తకం రాసింది. అంటే బౌహౌస్‌ని మన దేశానికి తెచ్చిన మనిషీ, మన గుళ్ల శిల్పశాస్త్రాన్ని పడమటి ప్రపంచానికి చెప్పిన మనిషీ ఒకరే.

సరే, మూడో రోజు చెల్లె ఫోన్ చేసింది. కోపం తగ్గలేదు, కానీ వాదన తయారుగా పెట్టుకుంది. "అన్నా, నువ్వు రోజూ కూర్చునే గట్టు వెనకాల ఏముంది చెప్పు?" అంది.

నవబ్రహ్మ ఆలయాలు అన్నా.

"వాటి శిఖరం ఏ ఊరిది?"

నోరు మూతపడింది. స్క్రీన్ మీద చూపిస్తున్నా చూడండి. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ. తొమ్మిది గుళ్లు. పేరు బ్రహ్మది, లోపల ఉన్నది శివుడు. బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో కట్టించినవి. వాటిలో చాలావాటి మీద ఉన్నది రేఖా నాగర శిఖరం. కింద వెడల్పుగా మొదలై, పైకి పోయేకొద్దీ వంపు తిరిగి, నెత్తిన ఉసిరికాయ లాంటి ఆమలకం. ఇది ఉత్తరాది పద్ధతి. కర్నూలుకు ఇంత దగ్గర్లో, తుంగభద్ర ఒడ్డున, ఉత్తరాది శిఖరం. ఎవరో ఎక్కడో చూసి, నచ్చి, ఇక్కడి రాయిలో కట్టారు. పదమూడు వందల ఏళ్ల తర్వాత అది "మన ఆలంపూర్ గుడి" అయింది.

"మరి చాళుక్యులు తెచ్చుకుంటే వారసత్వం, నేను తెచ్చుకుంటే యూనిఫామా?" అని అడిగింది.

న్యాయమైన ప్రశ్న. నేను తప్పు మాట అన్నానని అక్కడే ఒప్పుకున్నా. తెచ్చుకోవడం తప్పు కాదు. ఏం తెచ్చుకున్నాం, తెచ్చాక దాంతో ఏం చేశాం అన్నదే చూడాలి. అయితే బట్టల విషయంలో ఇంతకు ముందు ఎవరెవరు ఇట్లా తెచ్చుకున్నారో చూద్దాం అని ఇద్దరం కూర్చుని చదివాం. ఇక్కడ్నుంచి నాకు బాగా నచ్చిన భాగం.

సోనియా డెలోనే. ఇప్పటి ఉక్రెయిన్‌లో 1885లో పుట్టింది, పారిస్‌లో చిత్రకారిణి అయింది. 1911లో కొడుకు పుట్టాడు. ఉయ్యాల్లో కప్పడానికి పాత గుడ్డముక్కలు కలిపి ఒక బొంత కుట్టింది. తను పుట్టిన నేల మీద రైతుల ఇళ్లలో ఆడవాళ్లు కుట్టే రకం. కుట్టి చూస్తే, అప్పుడు పారిస్‌లో క్యూబిస్టులు కాన్వాస్ మీద చేస్తున్నది ఈ బొంతలో కనిపించింది. రంగు పక్కన రంగు పెడితే రెండూ కదిలినట్టు ఉండటం. ఆమె, ఆమె భర్త రాబర్ట్ దానికి "సిమల్టేనియస్" అని పేరు పెట్టారు, అంటే ఒకేసారి, ఏకకాలంలో అని. 1913లో ఆమె అదే పద్ధతిలో ముక్కలు కలిపి గౌను కుట్టుకుని పారిస్‌లో టాంగో డ్యాన్స్ హాల్‌కి వేసుకెళ్లింది.

ఇక్కడ ఆగి మా అవ్వ గురించి ఒక మాట. రాజోలిలో మా అవ్వ దగ్గర ఒక బొంత ఉండేది. మగ్గం మీద కోసేసిన కొసలు, పాత పంచె, చిరిగిన రవికె, అన్నీ అందులోనే. చిన్నప్పుడు దాని మీద పడుకుని ఏ ముక్క ఎవరిదో లెక్కపెట్టేవాళ్లం. అది ఆర్ట్ అని ఎవరూ అనలేదు. సోనియా బొంత ఇప్పుడు పారిస్ మ్యూజియంలో ఉంది. నేను మా అవ్వ బొంతని మ్యూజియంలో పెట్టాలని అనట్లేదు, అది ఎప్పుడో అరిగిపోయి దూడ కింద వేశారు. చెప్పేదేంటంటే, అవాంగార్డ్ అని మనం పెద్ద పేరు పెట్టి భయపడేదాంట్లో ఒక పెద్ద పాయ ఊరి ఆడవాళ్ల బొంత నుంచే వచ్చింది.

సోనియా దాన్ని బ్రాండ్‌గా ఎందుకు మార్చింది? సరదాకి కాదు. 1917 రష్యా విప్లవంతో ఆమెకు అక్కడి ఆస్తి మీద వచ్చే అద్దెలు ఆగిపోయాయి. ఇల్లు గడవాలి. 1918లో మాడ్రిడ్‌లో కాసా సోనియా అని షాప్ పెట్టింది. 1925లో పారిస్‌లో జరిగిన పెద్ద అలంకరణ కళల ప్రదర్శనలో, వంతెన మీద, ఫర్ దుస్తుల వ్యాపారి జాక్ హైమ్‌తో కలిసి బొటీక్ సిమల్టానే అని తెరిచింది. కోటు, స్కార్ఫ్, హ్యాండ్‌బ్యాగ్, ఆఖరికి కారు మీద కూడా అవే రంగుల పట్టీలు. లోగో చూడకుండానే ఇది సోనియాది అని చెప్పొచ్చు. బ్రాండ్ ఐడెంటిటీ అని ఇవాళ కోర్సుల్లో చెప్పేది ఆమె లోగో మీద ఆధారపడకుండా చేసి చూపించింది. 1929 ఆర్థిక సంక్షోభం దెబ్బకు ఆ వ్యాపారం నిలబడలేదు. ఆమె మాత్రం నిలబడింది. 1964లో లూవ్ర్‌లో ఆమె పని ప్రదర్శించారు. బతికుండగా ఆ గౌరవం దక్కిన మొదటి మహిళ.

చెల్లె వెంటనే అంది, "అయితే నా లోగో తీసేయాలా?" నేనేం అనలేదు. ఈసారి తెలివి వచ్చింది.

మాస్కో సంగతి తొందరగా చెప్పేస్తా, ఎందుకంటే అది రెండేళ్ల కథ కూడా కాదు. 1923లో ల్యూబోవ్ పొపోవా, వర్వారా స్టెపనోవా అని ఇద్దరు కళాకారిణులు మొదటి ప్రభుత్వ అద్దకపు మిల్లులో చేరారు. కన్‌స్ట్రక్టివిస్టులు. కాన్వాస్ మీద బొమ్మలు వేసి డ్రాయింగ్ రూముల్లో వేలాడదీయడం ఇక చాలు, పనివాళ్లు కట్టుకునే బట్టకు పనికొచ్చేది చేద్దాం అన్నారు. పూలూ లతలూ తీసేసి స్కేలు, కంపాస్‌తో గీసిన డిజైన్లు ఇచ్చారు. వాటిలో కొన్నే మిల్లులో అచ్చయ్యాయి. 1924 మేలో పొపోవా స్కార్లెట్ జ్వరంతో చనిపోయింది, ముప్పై ఐదేళ్లకే. అంతకు కొన్ని రోజుల ముందే ఆమె కొడుకు అదే జ్వరంతో పోయాడు. ఎవరో రైతు ఆడమనిషి తన డిజైన్ గుడ్డ కొనుక్కోవడం చూసినంత ఆనందం ఏ బొమ్మా ఇవ్వలేదని ఆమె అనేదట. వాళ్ల కల గొప్పది. కానీ ఒక తేడా గమనించండి. వాళ్లు డిజైన్ ఇచ్చారు, బట్ట మాత్రం మిల్లుదే. మా చెల్లె ఇంట్లో డిజైన్ ఇచ్చేది ఒకరు, నేసేది ఇంకొకరు, ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండుకు తింటారు.

ఆ తేడా వల్ల మాకు అసలు పనికొచ్చింది వియన్నా. వీనర్ వెర్క్‌స్టెట్టె, అంటే వియన్నా వర్క్‌షాప్. 1903లో జోసెఫ్ హాఫ్‌మన్, కొలొమన్ మోసర్ అనే ఇద్దరు డిజైనర్లు ఫ్రిట్జ్ వేర్న్‌డోర్ఫర్ అనే పెట్టుబడిదారుతో కలిసి పెట్టారు. 1910 తర్వాత బట్టలు, ఫ్యాషన్ విభాగాలు కూడా వచ్చాయి. వాళ్ల గుర్తు రెండు డబుల్యూలు, ఒక గులాబీ. చతురస్రం అంటే పిచ్చి. కాగితం, ప్యాకింగ్, బిల్లు, గిన్నె, స్పూను, అన్నింటికీ ఒకే రూపం. ఇప్పటి కంపెనీలు లక్షలు పోసి చేయించుకునే పని.

కానీ నేను కుర్చీలోంచి లేచింది దీనికి కాదు. వాళ్ల వెండి వస్తువు తిరగేస్తే అడుగున ముద్రలుంటాయి. కంపెనీ గులాబీ ఉంటుంది, కంపెనీ పొడి అక్షరాలుంటాయి. వాటితో పాటు డిజైన్ గీసినవాళ్ల ముద్ర ఒకటి, చేత్తో చేసిన పనివాడి ముద్ర ఇంకొకటి. గీసిన చేయి, చేసిన చేయి పక్కపక్కన. నూట ఇరవై ఏళ్ల కింద.

ఆ స్క్రీన్‌షాట్ చెల్లెకు పంపా. చాలాసేపటికి "అమ్మ" అని ఒక్క మాట టైప్ చేసింది.

నిజం చెప్పాలి కదా, వియన్నా వాళ్లు బాగా నష్టాల్లో నడిచారు. ధనవంతులు తప్ప ఎవరూ కొనలేని ధరలు. 1932లో మూతపడింది. ముద్ర వేసినంత మాత్రాన పనివాడికి అన్నం దొరుకుతుందని గ్యారంటీ ఏమీ లేదు.

ఇప్పుడు 1965కి రండి. ఈ సంవత్సరం నాకు భలే ఇష్టం. ఒకే ఏడాది పారిస్‌లో ఒకటి, హైదరాబాద్‌లో ఒకటి జరిగాయి.

పారిస్‌లో ముప్పై నిండని ఈవ్ సాంలోరాన్ మోండ్రియన్ గౌన్లు చూపించాడు. తెల్ల నేల, నల్ల గీతలు, మధ్యలో ఎరుపు, పసుపు, నీలం గడులు. మోండ్రియన్ డచ్ చిత్రకారుడు, డి స్టైల్ ఉద్యమం. 1944లోనే చనిపోయాడు, కాబట్టి ఆయన్ని అడిగిందీ లేదు, ఆయనకు ముట్టిందీ లేదు. అయితే ఆ గౌనులో ఒక పనితనం ఉంది. అది ప్రింట్ కాదు. ఒక్కో రంగు గడి విడి ఊలు జెర్సీ ముక్క. శరీరం వంపుకు కావాల్సిన కుట్లన్నీ ఆ నల్ల గీతల్లో దాచేశారు. చూడటానికి చదును, లోపల లెక్క. వెంటనే బజారంతా చవక కాపీలు నిండాయి. కాపీల్లో గడులు కనిపిస్తాయి, లోపలి లెక్క ఉండదు.

ఇది వినగానే మీలో చేనేత ఇంటి పిల్లలకు ఒకటి గుర్తొచ్చి ఉంటుంది. దానికే వస్తున్నా.

అదే 1965 మేలో హైదరాబాద్‌లో, అర్ధరాత్రి, దిగంబర కవులు తమ మొదటి సంపుటి విడుదల చేశారు. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న. ఆరుగురు. అవి తల్లిదండ్రులు పెట్టిన పేర్లు కావు, వాళ్లు పెట్టుకున్నవి. వారాలకూ, రుతువులకూ, సంవత్సరాలకూ సొంత పేర్లు పెట్టారు. నగ్న శకం అన్నారు. మన అవాంగార్డ్ అంటే వీళ్లే. ఇవాళ్టి భాషలో చెప్తే, పేరు, క్యాలెండర్, లాంచ్, అన్నీ తామే కొత్తగా కట్టుకున్నారు.

లాంచ్ ఎవరి చేత చేయించారు? మంత్రి కాదు, మహాకవి కాదు. నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడు. రెండో సంపుటి 1966లో విజయవాడలో, హోటల్లో సర్వర్‌గా పనిచేసే జంగాల చిట్టి. మూడోది 1968లో విశాఖలో, యెడ్ల యాదమ్మ అనే బిచ్చగత్తె. ఆ తర్వాత ఉద్యమం ఆగిపోయింది, ఆరుగురిలో నలుగురు 1970లో విరసం వైపు వెళ్లారు. వాళ్ల కవిత్వం మీకు నచ్చచ్చు, నచ్చకపోవచ్చు, అందులోని బూతుల మీద అప్పట్లో పెద్ద గొడవే నడిచింది. నాకు కూడా అన్నీ నచ్చవు. కానీ పుస్తకం మొదటి పేజీ తెరిచిన చేతిని వాళ్లు ఆలోచించి ఎంచుకున్నారు, పేరుతో సహా చరిత్రలో పెట్టారు.

చెల్లెకు చెప్తే పగలబడి నవ్వింది. "దిగంబర కవుల స్ఫూర్తితో బట్టల బ్రాండా అన్నా? కస్టమర్ ఏం కొంటాడు?" అని. అదీ నిజమే. ట్యాగ్‌లైన్ మాత్రం అదిరిపోయేది.

ఇప్పుడు గద్వాల దగ్గరికి. చాలామందికి గద్వాల చీర అంటే కాటన్ ఒళ్లు, పట్టు అంచు, పట్టు కొంగు, జరీ అని తెలుసు. ఎట్లా నేస్తారో చెప్తా. అంచు ఒక రంగు, ఒళ్లు ఒక రంగు, మధ్యలో ఒకదాంట్లోకి ఇంకొకటి కారకుండా గీత గీసినట్టు ఉంటుంది కదా. దానికోసం పేక వేసేటప్పుడు మూడు నాడెలు వాడతారు. ఎడమ అంచుకు ఒకటి, ఒళ్లుకు ఒకటి, కుడి అంచుకు ఒకటి. ఒక్కో వరసలో ఒళ్లు పేక, అంచు పేక కలిసే చోట ఒకదాన్నొకటి పెనవేస్తారు. కుప్పడం అంటారు. తర్వాత కుట్టి అతికించింది కాదు, నేతలోనే పుట్టిన కలయిక. కొంగు దగ్గర నూలు పడుగు ఆగి పట్టు పడుగు మొదలవుతుంది, అక్కడ పోగు పోగునూ కలపాలి. ఇదంతా గుంట మగ్గంలో కాళ్లు దింపి కూర్చుని. అంచు మీద కోటకొమ్మ అని ఒక డిజైన్, కోట గోడ మీద పళ్లలాగా వరసగా ఉంటుంది. స్కేలు పెట్టి గీసిన మాస్కో డిజైన్ల పక్కన పెట్టి చూడండి, ఏది ఏ ఊరిదో చెప్పలేరు.

మోండ్రియన్ గౌనుకూ మా చీరకూ పోలిక అక్కడే. రంగు గడి పైన పూసింది కాదు, కట్టుబడిలోనే ఉంది. కాపీ గద్వాల చీర తిరగేసి చూడండి, అంచు కలిసే చోట ఆ పెనవేత ఉండదు. పవర్‌లూమ్ మీద ఒకే పేక అటు నుంచి ఇటు పోతుంది, లేదంటే మొత్తం ప్రింటే.

ఈ నేతకు రాజు ఆదరణ కథ కూడా ఉంది. గద్వాల సంస్థానం వాళ్లు నేతగాళ్లను బనారస్ పంపి జరీ పని నేర్పించారని గద్వాలలో చెప్పుకుంటారు. చివరి పాలకురాలు మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ, 1924 నుంచి 1949 దాకా. ఇప్పటికీ నడుస్తున్న ఒక ఆచారం ఉంది. తిరుమల బ్రహ్మోత్సవాలకు గద్వాల నుంచి ఏరువాడ జోడు పంచెలు వెళ్తాయి. నేసేవాళ్లు నియమంగా దీక్షలో ఉండి నేస్తారు. పంచెలు స్వామికి చేరతాయి, వార్తల్లో సంస్థానం పేరు వస్తుంది. నేసినవాళ్ల పేరు మాత్రం చాలాసార్లు ఆ ఊరు దాటదు.

చట్టం సంగతి కొంచెం. గద్వాల చీరకు జీఐ ఉంది. పోచంపల్లి ఇక్కత్ అయితే దేశంలో జీఐ వచ్చిన తొలి వస్తువుల్లోనే ఒకటి. దీని అర్థం, గద్వాల అనే మాట ఏ ఒక్క వ్యాపారి సొత్తూ కాదు, ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో నేసేవాళ్లందరిదీ. 2006 నుంచి హ్యాండ్లూమ్ మార్క్ ఉంది, 2015 ఆగస్టు 7న ఇండియా హ్యాండ్లూమ్ బ్రాండ్ వచ్చింది. ఇవన్నీ ఊరి పేరు, పద్ధతి పేరు కాపాడతాయి. మనిషి పేరు వీటిలో దేని పనీ కాదు. అది బ్రాండ్ పెట్టినవాళ్ల ఇష్టం.

అందుకే చెల్లె కొత్త లేబుల్ చేసింది. పైన బ్రాండ్ పేరు, కింద రెండు పేర్లు. గీసింది తను, నేసింది వాళ్లమ్మ. వియన్నా లెక్క. ప్రింట్ తీయించి రాజోలి పట్టుకెళ్లింది. నేనూ వెళ్లా, కెమెరా పెట్టి పిన్ని ఏడిస్తే రికార్డ్ చేద్దామని. సిగ్గు లేకుండా చెప్తున్నా.

పిన్ని ఏడవలేదు. లేబుల్ అటూ ఇటూ తిప్పి, "నా పేరెందుకు పెట్టినవే?" అంది.

"నువ్వే కదమ్మా నేసేది."

"రేపు రంగు పోయిందంటే ఎవర్ని తిడతారు? నన్నే కదా. రంగు నేనద్దుతున్ననా?"

తర్వాత అసలు మాట వచ్చింది. పిన్ని నేసేది సొంత నూలుతో కాదు. పట్టు, జరీ, నూలు ఇచ్చేది ఒక షావుకారు. చీరకింత అని కూలీ. చెల్లె దుపట్టాలు మధ్య మధ్యలో ఖాళీ దొరికినప్పుడు నేసినవి. ఆ పేరు ఇన్‌స్టాగ్రామ్‌లో కనబడితే, సొంతంగా అమ్ముకుంటున్నావు కదా, ఇక నా నూలెందుకు అంటే? నెలకు వచ్చే కూలీ పోతుంది. చెల్లె బ్రాండ్ నెలకు ఎంత తెస్తుందో ఇంకా దేవుడికే తెలియాలి.

పిన్ని భయం ఊరికే వచ్చింది కాదు. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర పొంగినప్పుడు రాజోలి మునిగింది. ఆలంపూర్‌లో కూడా నీళ్లొచ్చాయి, కానీ రాజోలిలో మగ్గాలు గుంటల్లో ఉంటాయి కదా. నీళ్లు తీశాక గుంటల నిండా ఒండ్రు. పడుగు మీద ఉన్న చీర, అటకమీది పట్టు, అన్నీ పోయాయి. అప్పుడు మళ్లీ మగ్గం నిలబెట్టుకోవడానికి అప్పు ఇచ్చింది ఆ షావుకారే. ఆ బాకీ తీరడానికి ఎన్నేళ్లు పట్టిందో పిన్నికి తారీఖులతో గుర్తుంది. ఇప్పుడు మనం వియన్నా, సోనియా అంటూ వెళ్లి, పేరు వేసుకో పిన్నీ అంటే ఆమెకు అది గౌరవంలా వినపడలేదు. రిస్క్‌లా వినపడింది.

ఇక్కడ నా అభిప్రాయం చెప్తా, ఒప్పుకోవాలని లేదు. పేరు వేయడం మంచిదే, కానీ వేయాలా వద్దా అన్నది నేసే మనిషి నిర్ణయం అవ్వాలి. డిజైనర్ మంచితనం చూపించుకోవడానికి నేతగాళ్ల ఫొటో వేసి, ముసలి చేతుల క్లోజప్ పెట్టి, రేటు మాత్రం పాతదే ఇస్తే అది కూడా ఒక రకం ప్రింటే. చెల్లె ఆ రోజు లేబుల్ పక్కన పెట్టి ముందు రేటు మాట్లాడింది. షావుకారు ఇచ్చే కూలీ కన్నా ఎంత ఎక్కువ, అడ్వాన్స్ ఎంత, రంగు పోతే నష్టం ఎవరిది. నష్టం బ్రాండ్‌ది అని కాగితం మీద రాసింది. పిన్ని ఆ కాగితం మడిచి దేవుడి పటం వెనకాల పెట్టింది.

పోయేముందు చెల్లె పూర్తైన ఒక దుపట్టా మడత పెడుతూ, కొంగు చివర కుచ్చుల దగ్గర ఒక పసుపు పోగు చూసింది. డిజైన్‌లో లేని పోగు. ఎర్ర నేల మీద ఒక్కటే. తప్పుపడిందేమో అనుకుంది. ఇంకోటి తీసింది, అందులోనూ ఉంది. బీరువాలోంచి పిన్ని తనకోసం దాచుకున్న పాత సీకో చీర తీసింది, అందులోనూ అదే చోట.

"ఇదేంటమ్మా?"

"అదా? షావుకారు దగ్గర పది ఇళ్ల చీరలు ఒకే చోట పడేస్తారు కదా. నావి కలిసిపోయి లెక్క తప్పుతుందని, నావి నాకు తెలియడానికి వేసుకుంటా."

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వియన్నా నుంచి మాస్కో దాకా చదివి వచ్చాం, ఇంట్లో ముద్ర ఉంది. కూలీ లెక్క పోకుండా పెట్టుకున్న ముద్ర.

కొత్త లోగో ఇప్పుడు స్క్రీన్ మీద ఉంది చూడండి. త్రికోణం లేదు, వృత్తం లేదు. చతురస్రం ఒకటి ఉంచుకుంది, అది నాకు ఇష్టం లేకపోయినా. దాని అంచుకు ఒక పసుపు గీత. పేరు తెలుగులో. లేబుల్ మీద పిన్ని పేరు లేదు. వేస్తారా, ఎప్పుడు వేస్తారు, ఆ షావుకారు ఏమంటాడు, నాకు తెలిస్తే ఇంకో వీడియోలో చెప్తా.

వచ్చే ముందు చెల్లె నోట్‌బుక్ తీసి సీరియస్‌గా అడిగింది, బ్రాండ్ స్టోరీలో రాయాలని: "అమ్మా, పసుపే ఎందుకు ఎంచుకున్నావు?"

పిన్ని నాడె చేతిలోకి తీసుకుంటూ, "ఏం ఎంచుకోవడమే? ఆ రోజు కండె మీద మిగిలింది అదే" అంది.